ఉప్పు నీళ్ల సారు

మా బామ్మర్ది పోయాడు. నా భార్యకు తమ్ముడు, నాకంటే చిన్నవాడు. వరుసలో ముందు నిలబడ్డవాణ్ణి నేను. నన్ను పక్కకు జరిపి వాడు వెళ్లిపోయాడు.

పొద్దున పొయ్యి మీద చాయ మరుగుతుండగా వాడి కూతురు, మా మేనకోడలు, ఫోన్ చేసింది. "మామా, బాపు ఇగ లేడు. అత్తకు నువ్వే చెప్పు, నాకు నోరొస్తలేదు" అంది. చెప్పే పని నాకు పడలేదు. మా ఆవిడ నా ముఖం చూసి పొయ్యి ఆర్పేసింది. "తమ్ముడేనా?" అంది. నేను తలూపాను. ఆ చాయ సాయంత్రం దాకా గిన్నెలోనే ఉండిపోయింది.

మరునాడు పేపర్లో జిల్లా పేజీ కింద ఒక మూల చిన్న ఫోటో వేశారు. దాని పైన "ఉప్పు నీళ్ల సారు ఇక లేరు" అని అచ్చేశారు. రాసిన కుర్రవాడికి అది ముద్దుపేరని ఎవరో చెప్పి ఉంటారు. అది ముద్దుపేరు కాదు. అది ఒక మనిషి మరో మనిషి నెత్తిన పెట్టి పోయిన బరువు. మా బామ్మర్ది దాన్ని దించుకోకుండానే పోయాడు.

నేను ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం ఆ పేపరు కాదు. సంతాప సభ. పెన్షనర్ల భవనంలో పెట్టారు. ఈ ఊరిలో సభలు పెట్టేవాళ్లు, శాలువాలు కప్పేవాళ్లు, కప్పించుకునేవాళ్లు అందరూ ఒకటే మనుషులు. కుర్చీలు మారుతూ ఉంటారు. ఆ రోజు నడిమి కుర్చీలో కూర్చున్నది బోర్ల పనులు చూసి రిటైరైన ఒక ఇంజనీరు. ఆయన మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని ఇలా అన్నాడు: "సారు పండితుడు. అయితే పొరపాట్లు పండితులకూ తప్పవు. ఆ ఉప్పు నీళ్ల బోరు సంగతి నేనెప్పుడూ మనసులో పెట్టుకోలేదు. ఏనాడో క్షమించాను." జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు!

పాఠకులు గమనించాలి. తప్పు చేసినవాడు, ఆ తప్పు మోసినవాణ్ణి, వాడు చచ్చిన తరువాత, మైకులో క్షమించాడు. నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంత నిబ్బరం ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

నేనెవరో కూడా చెప్పాలి. పాత బస్టాండు దగ్గర కిరాయి పుస్తకాల దుకాణం నడిపినవాణ్ణి. ఈ ఊరిలో ఎవరు చదివారో, ఎవరు చదివినట్టు నటించారో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పుస్తకం తిరిగొచ్చినప్పుడు నూనె మరకలు ఏ పేజీ దగ్గర ఆగిపోయాయో చూస్తే చాలు. ఆ ఇంజనీరుగారు తీసుకుపోయిన పుస్తకాల్లో మరక మొదటి అధ్యాయం దాటినది ఒక్కటీ లేదు. మా బామ్మర్ది తెచ్చిన పుస్తకాల్లో మాత్రం చివరి అట్ట దాకా మరకలే. తింటూ చదివేవాడు. అందుకు నేను తిట్టేవాణ్ణి. "బావా, మరక లేని పుస్తకం పెండ్లి కాని పిల్ల లెక్క, ఎవలు చూసిండ్రో తెల్వది" అనేవాడు. వాడి ఉపమానాలు ఇట్లాగే ఉండేవి. సాహిత్యం వాడికి అంటలేదు.

వాడు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. లోకానికి సారు. నాకు మాత్రం మొదటినుంచీ వాడే. బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అని మన పెద్దలన్నారు. నేను వాడి బతుకు కోరానని ఎప్పుడూ పైకి చెప్పలేదు. బావా బామ్మర్దుల మధ్య అట్లాంటి మాటలు నడవవు. వెక్కిరింతలే నడుస్తాయి.

మా గల్లీలోనే నాలుగిళ్ల అవతల వాళ్ల ఇల్లు. డాబా పిట్టగోడ వెంట వరుసగా జాడీలుండేవి. మా ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు జాడీలు కూడా ఒకటొకటిగా అక్కడికే చేరాయి. వాటిలో ఉన్నది ఉప్పు నీళ్లలో నానుతున్న రాళ్లు. గోదావరి దిక్కునుంచి ఏరి తెచ్చిన ఎర్ర ఇసుకరాయి ముక్కలు, పసుపు ముక్కలు, బూడిద రంగువి. ఒక్కో జాడీలో ఒక్కో మోతాదు ఉప్పు. పక్కింటామె బట్టలారేస్తూ అడిగేది.

"సారూ, గీ యేడు ఏం తొక్కు పెట్టిన్రు?"

"రాళ్ల తొక్కమ్మా."

"ఊరిందా మరి?"

"ఇంక ఊరలే. రాయి గదా, జర నిదానం."

"ఊరినంక మాకో గిన్నె పంపున్రి. మా ఆయన పండ్లు గట్టియే!"

ఊరడం అన్నది వాడి పనిలో పెద్ద సంగతి. ఎండిన ఇసుకరాయిని నీళ్లలో వేస్తే చాలదు. దాని సందుల్లో గాలి కూర్చుని ఉంటుంది. అది బయటికి వస్తేగాని నీళ్లు లోపలికి పోవు. బుడగలు ఒకటొకటిగా పైకి వస్తుంటే వాడు స్టూలు వేసుకుని చూస్తూ కూర్చునేవాడు. పూర్తిగా నానిన తరువాత రాయికి రెండు పక్కలా తీగలు తగిలించి మీటరు పెట్టేవాడు. పొడి రాయిలో కరెంటు పోదు. తడి రాయిలో పోతుంది. ఎంత పోతుంది, ఎందుకంత పోతుంది అన్నదే వాడు జన్మంతా చేసిన పని.

నా దుకాణంలో బల్ల మీద ఒకసారి నాకు పాఠం చెప్పాడు. ఇసుక రవ్వలకు కరెంటును పోనివ్వడం తెలియదు. రవ్వకూ రవ్వకూ మధ్య ఉన్న నీళ్లే దానికి దారి. ఆ నీళ్లు ఉప్పువైతే కరెంటు సులువుగా పోతుంది. మంచి నీళ్లయితే అడ్డం తగులుతుంది. ఇంతవరకు నాకు అర్థమైంది. "అయితే రాయికి ఎన్ని సందులుంటె అంత కరెంటన్నట్టు" అన్నాను తెలివి చూపిద్దామని.

"సందులున్నయా అని కాదు బావా. సందుకు సందు కలిసిందా అని. మన గల్లీల ఇండ్లు గోడకు గోడ ఆనుకొని లేవా? ఒక్క ఇంట్లకెల్లి ఇంకో ఇంట్లకు దారున్నదా?"

ఆ మాట నాకు అప్పుడు ఫిజిక్సులా వినపడింది. తరువాత చాలాసార్లు, ఫిజిక్సుతో సంబంధం లేని చోట్ల, గుర్తుకొచ్చింది.

సెలవుల్లో ఇనుప కడ్డీలు, తీగ చుట్టలు, బ్యాటరీ పెట్టె మోపెడు మీద వేసుకుని చుట్టుపక్కల ఊళ్లకు పోయేవాడు. నారాయణరావుపేట, చిన్నకోడూరు రైతులు వాడిని మీటరు సారనేవాళ్లు. మన దగ్గర ఉన్నది గుండురాయి, అదే గ్రానైటు. అందులో సందులు లేవు. పగుళ్లలోనో, పైన కుళ్లిన రాతిలోనో కాసిని నీళ్లుంటాయి. వాడి మీటరు ముల్లు చూపేది కరెంటుకు తగిలే అడ్డాన్ని. అందుకే ఇక్కడ ముల్లు ఎక్కడ తక్కువ చూపిస్తే అక్కడ బోరు వేయాలి. వాడే రైతులకు ఈ మాట నేర్పాడు. ఒకసారి చిన్నకోడూరులో వాడు చూపిన చోట బోరు ఎండుగా పోయింది. వాడే ఆ ఊరికి పోయి, అంగడి రోజున అందరి ముందు "తప్పు నాదే. పైన తేమ చూసి లోపల నీళ్లున్నయనుకున్న" అని చెప్పి వచ్చాడు. తోటి లెక్చరర్లు నవ్వారు. తప్పు ఒప్పుకోవడానికి బస్సెక్కి పోయేవాడు మన ఊరిలో పిచ్చివాడి కిందే లెక్క. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇది మళ్లీ పనికొస్తుంది.

ముల్లు తక్కువుంటే నీళ్లు. మన సిద్దిపేటలో అది నిజం. అయితే నిజానికి కూడా పొలిమేర ఉంటుంది. బెజ్జంకి గుట్టలు దాటి, కరీంనగర్ దాటి, మంథని దిక్కు పోతే రాయి మారుతుంది. అక్కడ ఇసుకరాయి. మా అత్తగారి ఊరు ఆ పక్కనే. మా ఆవిడ, వాడు పుట్టి పెరిగిన ఊరు. అక్కడ ముల్లు తక్కువ చూపించిందంటే లోపల మంచినీళ్లు ఉన్నట్టు కాదు. బంకమట్టో, ఉప్పు నీళ్లో, రెండూనో. మంచినీళ్లతో నిండిన శుభ్రమైన ఇసుకరాయి ముల్లును పైకే ఎత్తుతుంది. ఇక్కడి నిజం అక్కడ అబద్ధం. ఈ ముక్క తెలుసుకోవడానికే వాడు అన్నేళ్లు రాళ్ల తొక్కు పెట్టాడు.

ఆ ఊరిలో ఆడపిల్లల హాస్టలు కట్టారు. నీళ్లు లేవు. పిల్లలు బిందెలు పట్టుకుని వాగు దాకా నడిచేవాళ్లు. బోరు వేయించే పని ఈ ఇంజనీరుది. సిద్దిపేట చుట్టుపక్కల బోర్లు వేయించి, ఏ బోరూ ఎండుగా పోలేదని పేరు మోసి, అక్కడికి బదిలీ మీద పోయాడు. సరిగ్గా ఆ వేసవిలో మేమంతా ఆ ఊరిలో ఉన్నాం. బామ్మర్ది మీటరు పెట్టె తెచ్చుకున్నాడు. హాస్టలు గేటు ముందు ఒకసారి, వెనకాల మా అత్తగారివాళ్ల పాత కల్లం దగ్గర ఒకసారి తీగలు పరిచాడు. ఊరంతా చుట్టూ మూగింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. గేటు ముందు ముల్లు బాగా తక్కువ. కల్లం దగ్గర ఎక్కువ. వాడు కల్లంలో ఒక ఎర్రరాయి పాతి "గీడ వేయున్రి" అన్నాడు.

ఇంజనీరు నవ్వాడు. "సారూ, మీరు కాలేజీల పాఠం చెప్పుకోన్రి. నేను సిద్దిపేట కాడ ఏసిన బోర్లన్ని ముల్లు తక్కువున్న కాడ ఏసినయే. ఒక్కటన్న ఫెయిలయిందా?"

"అది గుండురాయి సార్. గిది ఇసుకరాయి."

"రాయి రాయే. నీళ్లు నీళ్లే."

"ఒక్కసారి గిటు చూడున్రి. కరెంటు బంద్ చేస్తున్న. చూసిన్రా, ముల్లు ఒక్కసారే పడ్తలేదు. ఆగుకుంట ఆగుకుంట దిగుతున్నది. లోపల సందులల్ల బంకమట్టి ఉన్నది. అది కరెంటును జరసేపు పట్టుకుంటది. మంచినీళ్ల ఇసుకరాయైతే ఠక్కున ఇడిచిపెడ్తది."

ఇంజనీరు చూడలేదు. ఆయన అప్పటికే డ్రైవరుకు సైగ చేస్తున్నాడు. నేను చూశాను. కరెంటు ఆపేసినా ముల్లు వెంటనే సున్నాకు రాలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపుతున్నట్టు మెల్లగా దిగింది. భూమి లోపల ఏదో ఇంకా వదలకుండా ఉందని ఆ కాసేపు నాకు స్పష్టంగా తెలిసింది.

గేటు ముందే బోరు వేశారు. కొబ్బరికాయ కొట్టారు. మొదట బూడిద రంగు బంక వచ్చింది. ఆ తరువాత నీళ్లొచ్చాయి. పిల్లలు కేకలు వేశారు. ఒక ముసలామె దోసిలి పట్టి నోట్లో పోసుకుని, అక్కడే ఉమ్మేసింది. "థూ! వట్టి ఉప్పు!" జనం గుసగుసలాడుతుంటే ఇంజనీరు జీపెక్కాడు. ఎక్కుతూ, గట్టిగా, అందరికీ వినపడేట్టు అన్నాడు: "మీ ఊరి సారు చూసిన పాయింటే గదా. నన్నేమంటరు?"

గేటు ముందు తీగలు పరిచి, వంగి, మీటరు చూస్తున్న మా బామ్మర్దిని ఊరంతా చూసింది. కల్లంలో రాయి పాతడం కూడా చూసింది. కాని జనం గుర్తుంచుకునేది వాళ్లకు పనికొచ్చేదే. ఆ సాయంత్రానికే వాడు ఉప్పు నీళ్ల సారయ్యాడు.

ఆ మరుసటి పెళ్లిళ్ల కాలంలో అదే ఊరిలో ఒక పెండ్లికి పోయాం. బంతిలో కూర్చున్నాం. వడ్డించేవాళ్లలో ఒకడు, మా బామ్మర్దికి దాయాదే, బామ్మర్ది ముందు ప్రత్యేకంగా ఒక గ్లాసు తెచ్చి పెట్టాడు. చుట్టూ మూతులు బిగపట్టి చూస్తున్నారు. వాడు ఒక గుటక తాగి ఆగాడు. ఉప్పు కలిపారు. బంతి బంతంతా ఒక్కసారి నవ్వింది.

"సారుకు ఉప్పు నీళ్లంటె పానం గదా!" అన్నాడు వడ్డించినవాడు.

మా బామ్మర్ది ఆ గ్లాసు దించలేదు. మిగతాది కూడా నెమ్మదిగా తాగి, గ్లాసు విస్తరి పక్కన పెట్టి, మీసం తుడుచుకుని అన్నాడు: "తక్కువేసినవ్ తమ్మీ. మీ బోరుల దీనికన్న ఎక్కువున్నది."

నవ్వు ఆగిపోయింది. వాడు పప్పు కలుపుకుని తినసాగాడు. నేను విస్తరి మీదినుంచి లేచాను. "ఇగ ఈ ఊరి నీళ్లు ముడితే ఒట్టు" అని అందరూ వింటుండగా అరిచాను. వాడు నా పంచె చెంగు పట్టి లాగి, "కూసో బావా, పెరుగు రాలే ఇంక" అన్నాడు. నేను కూర్చోలేదు. ఆ ఒట్టు తప్పలేదు. అంటే, తప్పలేదనే అనుకున్నాను.

సిద్దిపేటకు వచ్చాక వాడి వెంటపడ్డాను. "జరిగింది రాసియ్యి. నేను సాక్షిని. పేపర్లకు పంపుదాం. ఆ ఇంజనీరు మొఖం ఎక్కడ పెట్టుకుంటడో చూస్త" అన్నాను.

"నేను జెప్పిన కాడ తవ్వలే గద బావా. తవ్వనంతవరకు నాది గూడ వట్టి మాటే. ఆయన మాట ఒకటి, నా మాట ఒకటి."

"నీకు తెల్వదా నీది నిజమని?"

"జాడీలల్ల తెలుసు. గాడ భూమిల ఏమున్నదో ఎవనికి ఎరుక? కల్లంల గూడ ఉప్పే ఎల్లిందనుకో, అప్పుడేమంటవ్?"

 గెలవలేని వాదం నాకు పడదు. చాలా రోజులు వాడితో మాట్లాడలేదు. వాడే పుస్తకానికి వచ్చి, మరక చేసి తిరిగి ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టాడు. అయితే కల్లం దగ్గర బోరు వేయించమని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎవరూ కాదనలేదు, ఎవరూ చేయలేదు. ఆ ఇంజనీరు మాత్రం రిటైరై ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. కూరగాయల మార్కెట్లో ఎదురైనప్పుడల్లా "ఏం ఉప్పు సారూ, మంచిగున్నరా?" అని పలకరించేవాడు. వాడు "మంచిగున్న సార్" అనేవాడు. నేను పక్కనుంటే నా పళ్లు కొరికిన చప్పుడు వంకాయలమ్మే ఆమెకు కూడా వినపడేది.

కడపటి ఏళ్లలో వాడు ఆ బోరు మాట ఎత్తడం మానేశాడు. నడుము వంగింది. మోపెడు అమ్మేశాడు. ఆశ చచ్చిందనుకున్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. ముందు రోజు కరీంనగర్‌లో ఏదో పెండ్లికని పోయినవాడు. చేతిసంచిలోనుంచి స్టీలు సీసా తీసి, మా ఆవిడ చేత గ్లాసులు తెప్పించి, నాకొకటి, ఆమెకొకటి పోశాడు.

"తాగు బావా."

"ఏంది గిది?"

"నీళ్లు."

"మా ఇంట్ల లేవా నీళ్లు? గింత ఎండల మోసుకొచ్చి నా నోట్ల పోస్తున్నవ్. నేనింక సావలేదురా."

"నువ్వు సచ్చినప్పుడు వేరే తెస్త తీ. గియ్యి తాగు."

తాగాను. "ఎట్లున్నయి?" అని ముందుకు వంగి అడిగాడు.

"ఎట్లుంటయి? నీళ్లున్నట్టున్నయి. నీళ్లకు రుచేంది?"

వాడు నవ్వాడు. మామూలు నవ్వు కాదు. భుజాలు కదిలేట్టు, శబ్దం లేకుండా, చాలాసేపు నవ్వాడు. మతి గాని పోయిందా అనుకున్నాను. మా ఆవిడ మాత్రం ఖాళీ గ్లాసు మళ్లీ చాపి "ఇంకింత పొయ్యి తమ్మీ" అంది. వాడు ఆమె వైపు ఒకసారి చూసి, గ్లాసు నిండా పోశాడు.

అస్థికలు గోదావరిలో కలపడానికి కోడలు, మా ఆవిడ, నేను కలిసి వెళ్లాం. వాడు కోరుకున్న చోటు అదే. కారు బెజ్జంకి గుట్టలు దాటుతుంటే కోడలు అద్దం దించి "బాపు గీడ ఎప్పుడొచ్చినా గీ గుండ్లకు దండం పెడ్తుండె మామా. 'మీరు సక్కని రాళ్లు, అడిగినంత చెప్తరు' అంటుండె" అంది. కరీంనగర్ కూడా దాటాక, తోవ కోసం తొలిచిన గట్టులో నేల ఎర్రబడి, పొరలు పొరలుగా ఇసుకరాయి కనపడినప్పుడు మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నది పని అయ్యాక, ఊరిలోకి పోయి హాస్టలు చూసి వద్దామని కోడలు అంది. నాకు ఇష్టం లేదు. ఆడవాళ్లిద్దరి మాట ముందు నా ఇష్టం ఎప్పుడు నిలబడింది గనక?

హాస్టలు గేటు ముందు పాత బోరు తుప్పు పట్టి, మూత బిగించి ఉంది. వెనకాల, కల్లం ఉన్న చోట, సిమెంటు అరుగు కట్టారు. కుళాయిలు పెట్టారు. వంటామె ఒకామె డేగిసా కడుగుతోంది. అరుగు పక్కన ఆ ఎర్రరాయి అట్లాగే ఉంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు.

 "గీ బోరు ఎప్పుడు పడ్డదమ్మా?" అని అడిగాను.

"కొత్త మేడం వచ్చినంక సారూ, రెండు మూడేండ్లాయె. యాడ యేద్దామంటె మా అత్త మొండికేసింది. 'ఆ సారు గీ రాయి వట్టిగ పాతలే, గీడనే యేయున్రి' అని."

"నీళ్లెట్లున్నయి?"

"తాగి చూడున్రి. కొబ్బరి నీళ్లే. ఊరంత గీ నీళ్లే."

"మరి ఆ సారుకు చెప్పిన్రా? ఇన్నేండ్లు ఆయనను ఉప్పు నీళ్ల సారన్నరే, ఒక్కలన్న పోయి చెప్పిన్రా?" నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

ఆమె డేగిసా దించింది. "చెప్పుడేంది? ఆయన రాలేదా! మా అత్తనే కబురు పెట్టింది. గీడ, గీ అరుగు మీదనే కూసున్నడు. చెంబెడు తాగిండు. తాగి, అట్లనే కూసున్నడు. పిల్లలు నీళ్లు పట్టుకపోతుంటె సూసుకుంట. పొద్దుగూకే యాళ్లకు లేచి సీసల నింపుకున్నడు. పోంగ ఒక్క మాటన్నడు."

"ఏమని?"

"'మా బావకు తెల్వనియ్యకున్రి, ఊరంత లొల్లి పెడ్తడు' అని." ఆమె నవ్వింది. "ఆ బావెవలో గాని సారూ, శాన కోపదారి మనిషట."

కోడలు పక్కకు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి, వాళ్ల నాన్నవి కదిలినట్టే. నవ్వో ఏడుపో నేను అడగలేదు.

కారెక్కాక మా ఆవిడ వైపు తిరిగాను. "ఆ సీసా నీళ్లు గీ బోరువే."

"నాకెరికే."

"నీకెట్ల ఎరిక?"

"నోట్ల పడంగనే తెలిసింది. నేను పుట్టిన ఊరి నీళ్లు నాకెరుక గాదా? నువ్వే, నీళ్లకు రుచేందంటివి."

అంటే నా ఒట్టును నా చేతనే తాగించి, నా ఎదురుగానే కూర్చుని నవ్వాడు. మా ఇంట్లో నేనొక్కణ్ణే ఎరగనివాణ్ణి.

ఇంటికి వచ్చి చాలా ఆలోచించాను. తనది నిజమని తేలిన తరువాత కూడా వాడు కూరగాయల మార్కెట్లో ఆ మనిషికి "మంచిగున్న సార్" అనే జవాబిచ్చాడు. ఇది గొప్పతనమని మీరనవచ్చు. నేననను. తన తప్పు చెప్పుకోవడానికి చిన్నకోడూరుకు బస్సెక్కి పోయినవాడు, తన ఒప్పు చెప్పుకోవడానికి నాలుగిళ్లు దాటి నా దగ్గరకు రాలేదు. అందుకు వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. వాడు రాళ్లను అడిగాడు, రాళ్లు జవాబు చెప్పాయి, పిల్లలు బిందెలతో వాగుకు పోవడం ఆగింది. వాడి లెక్కలో పని అయిపోయింది. వాడికి నీళ్లు చాలు. నాకు వాడి పేరు కావాలి.

అందుకని, ఇంజనీరుగారూ, మీరిది మొదటి పేజీ దాటి చదువుతారన్న నమ్మకం లేకున్నా రాస్తున్నాను. ఆ ఉప్పు బోరు మీది. కల్లం దగ్గరి తీపి బోరు మా బామ్మర్దిది. రెండూ అక్కడే ఉన్నాయి, పోయి తాగి చూడవచ్చు. క్షమాపణ ఎటునుంచి ఎటు పోవాలో ఆ తరువాత మీరే తేల్చుకోండి. పేపరు కుర్రవాడికి కూడా ఒక మాట. ఆ పేరు ఇక రాయకు నాయనా. లొల్లి పెడతానని వాడు భయపడ్డాడు. పెట్టాను.

వాడి జాడీల్లో ఒకటి కోడలు నాకిచ్చింది. నిజానికి అది మా జాడీయే. కల్లం దగ్గర నేలలోనుంచి ఊడిన ఒక ఎర్ర ఇసుకరాయి ముక్కను జేబులో వేసుకుని తెచ్చాను. అదే బోరు నీళ్లు సీసాలో పట్టి తెచ్చాను. రాయి ఎండలో పెట్టి ఆరనిచ్చి, జాడీలో వేసి, నీళ్లు పోసి, వాడి డాబా పిట్టగోడ మీదే పెట్టాను. నా దగ్గర మీటరు లేదు. ఉన్నా చూడటం రాదు. స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పక్కింటామె బట్టలారేస్తూ ఆగింది. కాసేపు నన్ను చూసింది, జాడీని చూసింది.

"ఏం తొక్కు సారూ?" అంది మెల్లగా.

"ఇంక ఊరలేదమ్మా" అన్నాను.

రాయి ఒంటినుంచి ఒక చిన్న బుడగ విడివడి, నీళ్లలో నిలువునా పైకి వచ్చి, పగిలింది. కాసేపటికి ఇంకొకటి.